మధ్యగది తలుపు

"తాళం నీ చేతికి ఇచ్చి పోయినానా లేదా? అది చెప్పు ముందు."

"ఇచ్చినావు."

"షెడ్డులో మధ్యగది తలుపు పగటిపూట తియ్యొద్దని చెప్పినానా లేదా?"

"చెప్పినావు. పదిసార్లు చెప్పినావు. పెండ్లిలో మంత్రాలు గూడ అన్నిసార్లు చెప్పలే అయ్యవారు."

యోగానంద చేతిలోని పూరెమ్మను భార్య ముఖం ముందు ఊపాడు. స్రవంతి కుట్టుఅంగడికి బయలుదేరబోతూ ఒక చెప్పు తొడిగి, రెండోది తొడగకుండా వసారాలోనే ఆగిపోయింది. తొమ్మిది గంటల ఎండ అప్పటికే మెట్ల మీదికి ఎక్కింది.

గడప లోపల యోగానంద తల్లి చంద్రకాంతమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. వాళ్ళ గొంతులు లేచేకొద్దీ ఆమె చేతిలో ముక్కలు చిన్నవైపోతున్నాయి.

"మరి ఇదేంది?" యోగానంద రెమ్మను గోటితో చీల్చాడు. "గింజ! మూడో గది మొత్తం గింజ పట్టింది. పోయిన నెల మధ్యగదిలో ఉండినప్పుడే ఎవురో వీటికి ఎలుతురు సూపించినారు. చీకట్లో ఉండాల్సిన పొద్దులో ఎలుతురు పడితే ఈ మొక్కకు మతి చెడతాది. ఆడమొక్కకే మగపూత వస్తాది. ఆ పుప్పొడి పక్కగదికి గూడ పాకింది. రెండు గదులు పోయినాయి. నేను మీ నాయన కాలికి కట్టు కట్టిస్తా పుత్తూర్లో తొమ్మిది దినాలు కూసుంటే, నువ్వు ఈడ తలుపులు తీసి పెట్టినావు."

"మా నాయన కాలు ఇరిగినప్పుడు గూడ నువ్వు ఇంత అరవలేదే."

"ఎగతాళి సేయొద్దు."

"ఎగతాళి కాదులే. పుత్తూరు తీసకపో నీ మొక్కల్ని. రెండు బద్దలు పెట్టి కట్టు కడతారు."

యోగానంద రెమ్మను విసిరికొట్టాడు. అది గడప దాటి చంద్రకాంతమ్మ చేటలో పడింది. అతను గిరుక్కున తిరిగి పెరట్లోని షెడ్డు వైపు పోయాడు. షెడ్డు తలుపు మూసిన చప్పుడుకు వంటింట్లో గిన్నె ఒకటి గలగలమంది.

స్రవంతి తొడిగిన చెప్పు కూడా విప్పేసి, అత్త పక్కనుంచి లోపలికి పోయింది. బీరువా తెరిచిన శబ్దం. తర్వాత సంచి జిప్పు లాగిన శబ్దం.

చంద్రకాంతమ్మ ఈనెలు తీయడం ఆపింది.

తలుపు తీసింది స్రవంతి కాదు.

చేటలోంచి రెమ్మను తీసి అరచేతిలో పెట్టుకుంది. ఆకుపచ్చ పూగుత్తి, ముట్టుకుంటే వేళ్ళకు జిగురు అంటుతోంది. మధ్యలో గింజ, ధనియాల గింజ కంటే కొంచెం చిన్నది, పైన పులి చారల్లాంటి గీతలు. ఇంత భయంలోనూ ఆమెకు ఒక సందేహం తొలుస్తూనే ఉంది. తొమ్మిది మధ్యాహ్నాలు, దినానికి అరగంట ఎండ. అంతమాత్రానికే ఒక మొక్క తాను ఆడో మగో మరిచిపోతుందా?

చంద్రకాంతమ్మది మొదటినుంచీ అదే తీరు. భయపడుతూనే తొంగిచూసే మనిషి. బడికి పోయింది లేదు. పట్టుపురుగుల తట్టల్లో పరిచే పాత పేపర్ల మీద, మల్బరీ ఆకు చల్లుతూ అక్షరాలు కూడబలుక్కుంది. పురుగులు పెరిగేకొద్దీ కాగితం తడిసి చిరిగిపోయేది. ఎన్ని కథలు సగంలో పోయాయో లెక్కలేదు. ఆ కథల్లో ఇల్లు విడిచి పోయినవాళ్ళు తిరిగి వచ్చారో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

*

స్రవంతి చీరలు మడతపెట్టకుండానే సంచిలో కుక్కుతోంది.

"అత్తా, నేను తియ్యలేదు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

చంద్రకాంతమ్మ గడపకు ఆనుకుని నిలబడింది. చెప్పాల్సిన మాట నాలుక దాకా వచ్చి, అక్కడే కూర్చుంది.

"నువ్వు అట్లాంటి దానివి కాదు కదా," అంది చివరికి.

స్రవంతి చేతులు ఆపి ఆమెవైపు చూసింది. "ఆ షెడ్డులో ఉండేది ఏం మొక్కో తెలుసా నీకు?"

"మందు మొక్క అన్నాడు."

"నాకూ అదే చెప్పినాడు. ఊర్లో అడిగితే పుట్టగొడుగులు అన్నాడు. పుట్టగొడుగులకు అన్ని లైట్లు ఎందుకప్పా అని మా అంగడికాడ అలివేలమ్మ నన్నడిగింది. సలికి అన్నాను. ఎండాకాలంలో సలి!"

ఫోను తీసి తెర మీద ఏదో బొమ్మ చూపబోయింది. చంద్రకాంతమ్మ వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి, తన గదిలో పరుపు కిందినుంచి నూనె మరకల పేపరు ముక్క ఒకటి తెచ్చింది. ఊదారంగు వెలుతురులో వరసగా కుండీలు. ఆ కుండీల ముందు ముఖాలకు గుడ్డలు కట్టిన ముగ్గురు మగవాళ్ళు. పైన పెద్ద అక్షరాలు: 'అద్దె ఇంట్లో గంజాయి సాగు'.

స్రవంతి మంచం మీద కూలబడింది. "నీకెప్పుడు తెలిసింది?"

"ఉగాది అయినంక. నువ్వు బజ్జీలు కట్టించుకోని వచ్చిన కాగితం ఇది."

"నాకు ఉగాది ముందరే తెలుసు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. స్రవంతికి నవ్వు వచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది.

"బజ్జీలు బాగుండాయన్నావు ఆ దినం."

"బాగుండాయి," అంది చంద్రకాంతమ్మ.

"తెలిసీ గమ్మున ఉండినావే?"

"నువ్వెందుకు ఉండినావు?"

"అడిగితే నన్ను పొమ్మంటాడని."

"నేనడిగితే వాడు పోతాడని."

పెద్దకొడుకు భానుచందర్ ఈ ఇంటి మెట్లు దిగి పూతలపట్టు క్రాసులో బస్సెక్కి పదకొండేళ్ళు అయింది. ఏ బస్సో కూడా ఎవరికీ తెలియదు. ఒకవైపు పోతే చిత్తూరు, ఇంకోవైపు పోతే తిరుపతి. స్రవంతి ఆ బావగారిని ఫోటోలో తప్ప చూడలేదు. కానీ రోజూ రాత్రి అత్త అన్నం గిన్నెలో ఒక ముద్ద మిగల్చడం మాత్రం చూస్తూనే ఉంది.

స్రవంతి జిప్పు లాగింది. "పోయొస్తా అత్తా. నాయనకు ఇంగా కట్టు ఇప్పలేదు, ఆ సాకు చెప్తా ఊర్లో."

"మళ్ళా వస్తావు కదా?"

"తలుపు తీసింది ఎవురో తెలిసినంక వస్తా. దొంగదాని మాదిరి నేనీడ అన్నం తినలేను."

ఇప్పుడు చెప్పాలి. చంద్రకాంతమ్మ నోరు తెరిచింది కూడా. "ఆ సంచి..." అంది. "ఆ సంచి బరువు. ఆటో ఎక్కిపో."

స్రవంతి తల ఊపి మెట్లు దిగింది. గేటు గొళ్ళెం పడింది. చంద్రకాంతమ్మ రోడ్డు వంపు దాకా ఆ ఎర్రసంచిని చూసింది, తర్వాత వంపును చూసింది.

*

షెడ్డు ముందు తొట్టి దగ్గర ఆగి కాళ్ళూ చేతులూ కడుక్కుంది. ఎవరూ చెప్పకపోయినా, ఈ షెడ్డులో పట్టుపురుగులు ఉన్ననాటి అలవాటు, నలభై ఏళ్ళది. పురుగుల గదిలోకి మట్టికాళ్ళతో పోకూడదు, పొడుము పీల్చి పోకూడదు, అగరుబత్తి వాసన తగలకూడదు.

యోగానంద బోర్లించిన బకెట్టు మీద కూర్చుని నేలను చూస్తున్నాడు. అతను ఏర్పేడు దగ్గర హాస్టళ్ళలో ఏసీలు బాగుచేసే పనిలో ఉండేవాడు. ఆ కాంట్రాక్టు పోయి ఇంటికి వచ్చాక, రెండేళ్ళ కింద, ఈ షెడ్డు తాళం చెవి అడిగాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఊరికే ఇచ్చింది. ఇంట్లో ఉంటాడు కదా అనుకుంది.

"యోగీ. ఆ తలుపు తీసింది నేను."

అతను తలెత్తాడు.

"నువ్వు పుత్తూర్లో ఉన్నన్ని దినాలూ. స్రవంతి అంగడికి పోయినంక, క్యాలెండరు ఎనకాల మేకుకు ఉండే తాళం తీసుకోని. మద్దేనం అరగంట తలుపు బార్లా తీసి పెట్టినా."

"ఎందుకు?"

"గాలి ఆడాలని."

"గాలా?"

"పురుగు గూడు కట్టేముందు గాలి కావాల్రా. వెదురు చంద్రికల మీద పురుగులు గూటికి ఎక్కినంక గది మూసిపెడితే ఉబ్బరిస్తాది, గూడు సరిగ్గా రాదు. మీ నాయన మద్దేనం పూట తలుపులు తీసిపెట్టించేవాడు. ఇవి గూడ పూతకు వచ్చినట్ల ఉండాయి, చీకట్లో మగ్గతా ఉండాయి, పాపం అనుకున్నా."

యోగానంద బకెట్టు మీదినుంచి లేచాడు. ఆమె అతని ముఖంలో పెద్దవాడి ముఖాన్ని వెతికింది, ఆ రోజు మెట్లు దిగేముందు ఉన్న ముఖాన్ని. కానీ యోగానంద భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"పట్టుపురుగులా అమా ఇవి?"

"ఏమో. నువ్వు ఏమని చెప్పినావు నాకు?"

"నువ్వు అడగలేదు కదా."

"అడగొద్దని నీ మొగమే చెప్తా ఉంటే ఎట్ల అడిగేది?"

నవ్వు ఆగింది. ఏసీ గుర్రుమంటోంది. చంద్రకాంతమ్మ పమిటతో చేతులు తుడుచుకుంది.

"సూపించు," అంది. "ఎట్ల పట్టిందో గింజ. నాకు తెలియాల."

మూడో గదిలో అతను ఒక కొమ్మ వంచి, జేబులోంచి చిన్న భూతద్దం తీసి ఆమె కంటి దగ్గర పెట్టాడు. మొదట మసక. తర్వాత ఒక్కసారిగా ఏదో లోకం కనిపించింది. ప్రతి ఆకు అంచునా, ప్రతి పూరేకునా, గాజుపుల్లలు నాటినట్టు సన్నని కాడలు. ఒక్కొక్క కాడ మీద ఒక మెరిసే బొట్టు.

"అబ్బ," అంది చంద్రకాంతమ్మ. "పండిన పురుగు వొళ్ళు ఇట్లనే మెరస్తాది. ఎలుతురుకు పెట్టి సూస్తే లోపలి పట్టు కనపడతాది."

"అదే అమా! ఆ బొట్ల రంగు సూసే కోత దినం చెప్పాల. నేర్చుకునేదానికి సంవత్సరం పట్టింది నాకు."

అతని గొంతు మారింది. ఇన్నాళ్ళలో ఇంత మాట్లాడింది లేదు. ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పి చూపాడు. మగపూత ఎక్కడ పొడుచుకు వచ్చిందో, అరటిపండు ఆకారంలో ఎంత చిన్నదిగా ఉందో. మొదటి గదిలో చిన్న కప్పుల్లో లేతమొక్కలు, జానెడు కూడా లేవు, తెల్లని వెలుతురులో ఆకులు పైకెత్తుకుని ఉన్నాయి. ఆ గది ఒక్కటే దెబ్బ తినలేదు.

"ఈడ కోత కోసేలోపల మధ్యగదిలో పూత ముదరాల. అది ముదిరేలోపల ఈ పిల్లలు ఎదగాల. ఒకదాని ఎనక ఒకటి, గొలుసు మాదిరి. నెలనెలా కోతే."

"చాకీ పిల్లపురుగు ఒక గదిలో, నాలుగో జ్వరం దాటి పొర ఇడిచింది ఇంకో గదిలో, గూడు కట్టేది మూడో గదిలో," అంది ఆమె. "ఇది మీ నాయన వరస. ఇదే మూడు గదులు."

"మరి? నేను యాడ నేర్చుకున్నా అనుకున్నావు?"

ఆమెకు ఒక్క క్షణం గర్వం కలిగింది. కలిగినందుకు భయం వేసింది.

"మరి ఖాళీ ఎప్పుడు?"

"ఖాళీ ఏంది?"

"షెడ్డు ఊరికే ఉండే దినం."

"ఉండదమా. ఒక్క దినం గూడ ఊరికే ఉండకూడదు. అదే కదా దీంట్లో ఉండే గొప్ప."

చంద్రకాంతమ్మ మధ్యగది గోడకు చెయ్యి ఆనించింది. సున్నం కింద పాత సున్నం, దాని కింద ఇంకా పాతది.

పెద్దవాడు ఇల్లు విడిచిన సంవత్సరం పురుగులకు సున్నపురోగం వచ్చింది. చచ్చిన పురుగు సుద్దముక్కలాగా తెల్లగా గట్టిపడిపోయేది. భానుచందర్ అన్నాడు: మూడు గదులూ ఒకేసారి ఖాళీ చెయ్యాల నాయనా, తట్టలు కాల్చాల, సున్నం కొట్టి నెలదినాలు తాళం వెయ్యాల. తండ్రి అన్నాడు: ఒక గదిలో పురుగు గూడు కట్టేదానికి ఉండాది, ఇప్పుడెట్ల? ఆ గది అయ్యేసరికి పక్కగది తయారు. అదయ్యేసరికి ఇంకోటి. ఎప్పుడూ ఏదో ఒక గది చేతికి వచ్చేదానికే ఉండేది. రోగం ఒక గదినుంచి ఇంకో గదికి నడుస్తూనే ఉండేది. తండ్రీకొడుకులు కొట్టుకునేదాకా వచ్చిన రోజు, మధ్యలో దూరింది చంద్రకాంతమ్మే. నీకేం తెలుసురా, పో, అంది. ఆమె అన్నది అవతలికి పొమ్మని. వాడు ఇంట్లోంచే పొమ్మని విన్నాడో, అసలు వినకుండానే పోయాడో. ఆరు నెలలకు పురుగులూ పోయాయి, షెడ్డు ఖాళీ అయింది, ఆమె భర్త ఆ ఖాళీని రెండేళ్ళు చూసి కన్నుమూశాడు.

"యోగీ, రెండు గదులు పోయినాయి అంటివే. ఇదే సమయం రా. ఇంతటితో ఆపెయ్."

"ఒక గది బాగుండాది కదా. ఈ పిల్లల్ని పెట్టుకోని మళ్ళా వరస కడతా. నువ్వు తోడుంటే ఇంగేం కావాల? పురుగుల్ని సాకిన చెయ్యి."

ఆమె పమిటలోంచి పేపరు ముక్క తీసి ఇచ్చింది. అతను చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వీళ్ళకు తెలివి లేదమా. అద్దె ఇంట్లో ఎవురన్నా..."

"మొగాలకు గుడ్డలు కట్టినారు సూడు. నేను దినామూ ఆ గుడ్డల్నే సూస్తా ఉండా. ఒక దినం ఒకడు మీ అన్న మాదిరి ఉంటాడు. ఇంకో దినం ఇంకొకడు నీ మాదిరి."

యోగానంద కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మళ్ళీ విప్పాడు. మాట మార్చడానికి అన్నట్టు ఇంటివైపు చూశాడు.

"స్రవంతి అంగడికి పోయిందా?"

"క్రాసుకు పోయింది. సంచి తీసుకోని."

"ఎందుకు?"

"నువ్వన్న మాటకు. నేను చేసిన పనికి."

అతను చెప్పులు కూడా వేసుకోలేదు. బండి స్టాండు తన్ని, గేటు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి తాళాల గుత్తి ఆమె చేతిలో పెట్టాడు.

"మొదటి గదికి నీళ్ళు పట్టమా. వాడిపోతాయి పిల్లలు." కొంచెం నవ్వాడు. "మధ్యగది మాత్రం తియ్యొద్దు. ఈసారి నీకే చెప్పి పోతా ఉండా."

*

బండి చప్పుడు వంపు దాటేదాకా చంద్రకాంతమ్మ తాళాలు పట్టుకునే నిలబడింది. రెండేళ్ళలో కొడుకు తన చేతికి తాళం ఇచ్చింది ఇదే మొదటిసారి.

మూడో గది తలుపు తీసింది. మధ్యగది తలుపు తీసింది. పదిన్నర ఎండ నేల మీద చాపలా పరుచుకుంది. చీకట్లో నిద్రపోతున్న మొక్కలు ఉలిక్కిపడతాయేమో అనుకుంది. ఏమీ కాలేదు, ఆకులు గాలికి కొంచెం ఊగాయి, అంతే. ఇన్నాళ్ళూ గోడల మధ్య దాగిన ఘాటు వాసన ఆమెను దాటుకుని పెరటి గోడ మీదుగా రోడ్డు వైపు నడిచింది.

మొదటి గదిలోకి చేట తీసుకుని పోయింది. లేతమొక్కల ముందు గొంతుక్కూర్చుంది. ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే, వెంట్రుకలంత తెల్లని వేర్లు మట్టిని పట్టుకుని వచ్చాయి. రోగం వచ్చిన పురుగుల తట్ట నిప్పులో వేసేటప్పుడు కూడా ఆమె ఇట్లాగే ముఖం పక్కకు తిప్పుకునేది. ఇవి రోగం లేనివి. నీళ్ళు పట్టమని నమ్మి అప్పగించి పోయినవి.

"నీకేం తెలుసురా, పో అన్నా ఆ దినం," అంది, ఎవరితోనో. "వానికే తెలుసు."

రెండోది లాగింది. మూడోది. తర్వాత లెక్కపెట్టలేదు. ఒక్కటి మిగిలినా దాన్ని పట్టుకుని వరస మళ్ళీ మొదలవుతుందని ఆమెకు తెలుసు. అరలు ఖాళీ అవుతున్నాయి. చేట నిండుతోంది.

చివరి కప్పు దగ్గర ఉండగా బండి చప్పుడు వినిపించింది. వంపు దగ్గర, తర్వాత వేపచెట్టు దగ్గర, తర్వాత గేటు దగ్గర.

చేట ఒళ్ళో పెట్టుకుని, మధ్యగది గడప మీదికి వచ్చి కూర్చుంది. దాక్కోవాలని అనిపించలేదు.

గేటు సందులోంచి బండి కనపడుతోంది. వెనక సీటు మీదినుంచి స్రవంతి దిగింది. ఎర్రసంచి భుజానికి ఎత్తుకుంటూ ముక్కు ఎగబీల్చి, షెడ్డు వైపు చూసింది. బార్లా తీసిన మూడు తలుపులనూ చూసింది. అత్త ఒళ్ళోని చేటను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యోగానంద కూడా చూశాడు.

"నేనే తీసినా రా," అంది చంద్రకాంతమ్మ గట్టిగా, వాళ్ళకు వినపడేటట్టు. "ఈసారి తెలిసే తీసినా. లోపలికి రా. కావలసినంత తిట్టు. లోపలికొచ్చి తిట్టు."

స్రవంతి గొళ్ళెం తీసి గేటు లోపలికి అడుగు పెట్టింది.

యోగానంద బండి దిగలేదు. రెండు కాళ్ళూ నేలకు ఆనించి, చేతులు హ్యాండిలు మీదే పెట్టుకుని ఉన్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది.